కట్టుగుంజ లేని రేవు

నాయినా,

ఈరోజు నీ మొదటి సంవత్సరీకం. నీకు ఇష్టమైన చేపలపులుసు, అన్నం టిఫిన్‌లో సర్దుకుని తాపీ నది ఒడ్డుకు వెళ్లాను. నీ బూడిద కలిపిన నడిమి నీళ్లలో వదిలి రావాలని.

మన రేవు లేదు నాయినా. మగ్గాలకు సెలవు దొరికితే నువ్వు వెళ్లి కూర్చునే చోట, నీ దోస్తు పడవ కాకా తాడు కట్టుకునే రాతిగుంజను పీకేశారు. అక్కడిప్పుడు బెంచీలు, రంగు దీపాలు, నడుమెత్తు ఇనుప కంచె. బోర్డు మీద మాత్రం పడవ బొమ్మ వేశారు. ఒళ్లు మండిపోయింది.

కాకా పడవలోంచి తాడు విసిరాడు. కంచెకు కట్టబోతే కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. మనోడే, నల్లగొండ వైపు.

"అక్కా, గిక్కడ పడవ కట్టొద్దు. ఫోటో దిగుతె దిగు."

"పడవ కట్టనియ్యకపోతె గిదేం రేవు తమ్మీ? జర నువ్వన్న తాడు పట్టుకో, నేను ఎక్కుత."

"అది నా డ్యూటీ గాదక్కా."

తాడు ఎప్పుడో తెగినచోట నువ్వు వేసిన నేత ముడి ఇంకా జారలేదు. దాన్నే పిడికిట బిగించి నిలబడ్డాను. సముద్రం వైపు తీస్తున్న ఆటు నీటికి పడవ లాగేస్తోంది. పట్టుకుంటే ఎక్కలేను, ఎక్కాలంటే వదలాలి. నువ్వుంటే పట్టుకునేవాడివి.

చివరికి కంచె మీదుగా టిఫిన్ కాకాకు అందించి తాడు వదిలేశాను. ఆయన ఒక్కడే నడిమికి పోయాడు. అన్నం నీళ్లలో పడిందో లేదో ఒడ్డుకు కనపడలేదు.

వెనక నుంచి కాపలావాడన్నాడు: "ఇప్పుడు దిగక్కా. పడవ నడుమల ఉన్నది, ఫోటో మంచిగొస్తది."