చేతిలో తెరిచి ఉన్న పాఠం

మార్గశిర బహుళ పంచమి, శుక్రవారం రాత్రి

ఇవాళ ఇన్‌స్పెక్టరుగారు కాలవ పడవలో వచ్చి, మా ఆడపిల్లల బడి గంటసేపు చూసి వెళ్ళారు. పోయినేడు ఆయన ముందు పిల్లల చేత ఎప్పుడూ చూడని పాఠం చదివించాను. "పిల్లలు తడబడుతున్నారు, పంతులుకు శ్రద్ధ లేదు" అని తనిఖీ పుస్తకంలో రాసిపోయారు. ఆ మాట నన్ను ఏడాదంతా తినేసింది. అందుకే ఈసారి నాలుగే నాలుగు పాఠాలు, ఆర్నెల్ల పాటు బట్టీ పట్టించాను.

సెట్టిగారమ్మాయి రత్తమ్మ చీమ పాఠం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. దాని చేతిలో పుస్తకం మాత్రం వర్షం పాఠం దగ్గర తెరిచి ఉంది. నేను చూశాను. ఇన్‌స్పెక్టరుగారు రాసుకుంటూ తలెత్తలేదు.

"భేషుగ్గా ఉందండి పంతులుగారూ! ఇలాగే నడిపించండి" అన్నారు. పెద్దపంతులుగారు నా భుజం తట్టారు. సంతోషించాల్సిన రోజు. అన్నం సయించలేదు.

ఆయన పడవ కదిలాక రత్తమ్మను పిలిచి, తెరిచి ఉన్న ఆ వర్షం పాఠమే చదవమన్నాను. చాలాసేపు అక్షరాల వంక చూసింది.

"ఇది మీరు చెప్పలేదు కదండీ" అంది.

పోయినేడు ఆయన ముందు, ఎప్పుడూ చూడని పాఠాన్ని అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది ఈ పిల్లే.