బానెట్టు మీది నామం

తిరుపతి,
18-9-84, మంగళవారం.

పూజ్యులైన మా వారి పాదాలకు నమస్కరించి పంకజాక్షి రాసుకునే ఉత్తరం.

ఇక్కడ అత్త, నేను బాగున్నాం. అత్తకు మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది, కొత్తగా వచ్చిన కష్టం ఏదీ లేదు. శుక్రవారం మీకు ఆపరేషన్ బాగా జరిగిందనీ, మత్తు దిగగానే మంచినీళ్ళు అడిగారనీ మా నాయన రాసిన కార్డు నిన్న అందింది. అత్తకు మళ్ళీ మళ్ళీ చదివి వినిపించాను. చదివిన ప్రతిసారీ "మంచినీళ్ళు అడిగినాడా?" అని కొత్తగా అడుగుతుంది. అడిగారని చెబితే కళ్ళు తుడుచుకుంటుంది. వేలూరులో మీరూ నాయనా ఒకరినొకరు చూసుకుంటూ ఉండండి.

ఆపరేషన్‌కు ముందు మీరు రాసిన ఉత్తరంలో చాలా అడిగారు. వంటింట్లో కారే చోట పెంకులు మార్పించాను. ఈ నెల కిరసనాయిలు ఇచ్చారు. అత్త మాత్రలు వేసుకుంటోందా అని అడిగారు. నేను చూస్తుంటే వేసుకుంటుంది, చూడకపోతే తులసికోట మట్టిలో గుచ్చి పెడుతుంది. కాబట్టి ఎదురుగా కూర్చుని వేయిస్తున్నాను. అక్కడి కూరల్లో కారం లేదని రాశారు. పండుమిరపకాయల తొక్కు చిన్న జాడీలో తీసి పెట్టాను, వేలూరు వైపు ఎవరైనా వస్తే పంపుతాను. నర్సమ్మను అడిగాకే తినండి. కట్టు లోపల దురదగా ఉందని ఈనెపుల్ల దూర్చకండి. నాయన కార్డులో ఆ సంగతి కూడా రాశాడు.

ఇక బండి. మీరు అన్నింటికంటే ముందు అడిగింది దాని గురించే. నేను చివరకు పెట్టుకున్నాను. మీరు ఎదురుగా ఉంటే ఇంత మాట్లాడేదాన్ని కాదు. కాగితం మీద మీ ముఖం కనపడదు కాబట్టి రాయగలుగుతున్నాను.

రేణిగుంట రోడ్డులో టైరు మారుస్తుంటే లారీ తగిలి మీరు పడ్డ రోజు నుంచి బండి మన సందు మొదట్లోనే నిలిచి ఉంది. కదలని బండిని జనం గోడ అనుకుంటారు. ట్యుటోరియల్ కాలేజీ వాళ్ళు, సర్కస్ వాళ్ళు వచ్చి తలుపుల నిండా కాగితాలు అంటించి పోయారు. అవి మైదా గంజితో అంటించినవి. ఆవులే వచ్చి నాకి నాకి సగం తిన్నాయి, మిగతాది చెంబెడు నీళ్ళతో పోయింది. పోనిది ఒక్కటే, బండి కొన్న రోజు మీరు బానెట్టు మీద అంటించిన స్వామి నామం. నామం ఆకారానికే కత్తిరించిన ఆ ప్లాస్టిక్ స్టిక్కరు పైసగం ఎండకు పెళుసై ఊడిపోయింది. ఊడిన చోట జిగురు మాత్రం ఊడలేదు. దుమ్ము పట్టి, తారు పూసినట్టు తయారైంది. కింది సగం రాయిలా పట్టుకుని ఉంది.

మీతో స్టాండులో ఉండే బాలసుబ్రమణ్యం అన్న, మీరు లేచి తిరిగేదాకా బండి తాను నడుపుతానన్నాడు. తిరుచానూరులో ఒక లాడ్జి గేటు దగ్గర టాక్సీ నిలబెట్టుకునే చోటు ఖాళీ అయిందని తెలిసి, బండి తీసుకెళ్ళి అక్కడి మేనేజరు సౌందరరాజన్ గారికి చూపించాడు. వచ్చి గడప బయట నిలబడి చెప్పాడు. నేను ఎప్పటిలా తలుపు వెనక నుంచి విన్నాను.

"ఇంజను బాగుండాదంట చెల్లెమ్మా. కానీ బానెట్టు సూసి మొహం ఇట్లా పెట్టినాడు. 'స్వామి నామం సగం ఊడి, నల్లంగా జిగురు కారతా ఉంటే కొండకు పోయే భక్తులు ఎక్కుతారా? శుభ్రం చేసుకోని శనివారం పొద్దున రాప్పా. పెరటాసి నెల వస్తే మెడ్రాసు జనం దిగుతారు. నువ్వు రాకపోతే ఆ చోటు ఇంకొకనికి ఇచ్చేస్తా' అన్నాడు."

"అయితే నువ్వే తీసెయ్యన్నా" అన్నాను.

"నేనా? పొద్దున లేస్తే ఘాటు రోడ్డులో స్టీరింగు పట్టుకునేవాణ్ణి. స్వామి మీద బ్లేడు పెడితే రెండో మలుపులో ఆయన నన్ను అడగడా? నా వల్ల గాదు తల్లీ."

వర్కుషాపు ప్రేమానందాన్ని అడిగించాను. ఆయనకు ఆ భయం లేదు. "థిన్నరు పోస్తే జిగురూ వస్తాది, రంగూ వస్తాది. మళ్ళా పెయింటు కొట్టాల. దానికి తోడు మీ అత్త వచ్చి నన్ను కొడతాది" అన్నాడట. అత్త సంగతి ఆయనకూ తెలుసు. ఆమెది ఒకటే మాట. "ఆ నామం ఊడినాకనే నా కొడుక్కి కాలిరిగింది. మిగిలిండే సగం కూడా నువ్వు గీకేస్తే ఇంకేం మిగలాల? దాని జోలికి పోవద్దు."

ఇంతలో మీ ఉత్తరం వచ్చింది. మీదీ అదే మాట. నామం మీద చెయ్యి వేయకండి, బండి ఉన్నదున్నట్టు జయరావుకు ఇచ్చేయండి, ఆసుపత్రి ఖర్చుకు అవుతుంది అని రాశారు. జయరావు పాత బండ్లు కొని అమ్మేవాడు, ఆయనకు మన కష్టం గిట్టుబాటు. నేను పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఎన్నేళ్ళు వేరేవాళ్ళ బండ్లు తుడిచి, వేరేవాళ్ళ బండ్లు నడిపి మీరు ఈ ఒక్కటి కొన్నారో నాకు తెలుసు. బండి అమ్మి కాలు బాగు చేసుకుంటే ఆ కాలు దేని మీద పెడతారు? అది క్లచ్చు మీద పెట్టే కాలు.

నాకు దేవుడంటే భయం లేక కాదు. అందుకే గోవిందరాజస్వామి గుడి వెనక ఉండే కుముదవల్లమ్మ గారి దగ్గరకు వెళ్ళాను. ఆమె భర్త శఠగోపం గారు కొండ మీద కైంకర్యంలో ఉన్నారు. వాళ్ళింటికి నేను పూలమాలలు కట్టి ఇస్తానని మీకు తెలుసు. ఎప్పుడూ మాల అరుగు మీద పెట్టి వచ్చేసేదాన్ని. ఆ రోజు మాల పెట్టి అక్కడే నిలబడ్డాను.

"ఏమ్మా, పూలు చాలలేదా?" అన్నారామె.

అంతా చెప్పాను. నామం తీస్తే పాపమా అని అడిగాను. ఆమె నవ్వలేదు.

"గురువారం కొండ మీద స్వామి నామం సన్నం చేస్తారు, కళ్ళు కనబడతాయి. ఎరుగుదువు గదా? శుక్రవారం తెల్లవారి అభిషేకం. అభిషేకానికి పాత నామం పోతుంది, అయినాక కొత్తది దిద్దుతారు. మా ఇంటాయన నామం కూడా రోజూ స్నానంలో పోయేదే. తీయడం తప్పయితే ముందు తప్పు చేసేది మేమే! మురికి పట్టనిచ్చి అట్లే వదిలేస్తివే, అది తప్పు."

వచ్చేటప్పుడు ఒక పొట్లంలో కర్పూరం పెట్టి ఇచ్చారు. నేను అడగలేదు.

ఇక చేసిన పని రాస్తాను, మీరు బండి మనిషి కాబట్టి. మొదట కిరసనాయిలు గుడ్డతో తలుపు అడుగున, ఎవరికీ కనపడని చోట రుద్ది చూశాను. రంగుకు ఏమీ కాలేదు. కానీ బానెట్టు మీద రుద్దితే జిగురు కరగకుండా పక్కలకు పాకింది. అప్పుడు పుట్టింట్లో పనసకాయ కోసే రోజులు గుర్తొచ్చాయి. పనసపాలు చేతికి అంటుకుంటే నీళ్ళకు పోదు, సబ్బుకు పోదు. అమ్మ చేతులకు నూనె రాసి రుద్దేది. జిగురుకు నూనే మందు.

వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండి స్టిక్కరు మీద పరిచాను. చల్లారితే మళ్ళీ ముంచాను. మెత్తబడ్డాక గోటితో అంచు లేపి, పైకి లాగకుండా బానెట్టుకు ఆనించే మెల్లగా వెనక్కు లాగాను. పైకి లాగితే తెగుతుంది. అట్లా కింది సగం వచ్చింది. ఇక జిగురు. కొబ్బరినూనెలో ఆ కర్పూరం వేసి వెచ్చ చేసి, నూనెలో గుడ్డ తడిపి మందు పట్టీలా పెట్టాను. ఎండ కూడా దాని పని అది చేసింది. తీసి చూస్తే జిగురు ఉబ్బింది. బొటనవేలితో ఒత్తి నెడితే దీపపు వత్తుల్లా చుట్టుకుని వచ్చింది. రానిచోట పాత ప్లాస్టిక్ దువ్వెన వీపుతో నెట్టాను. బ్లేడు ఒక్కసారి కూడా తాకించలేదు. సగం వచ్చాక ఇక రాదేమో అనిపించింది. చేతులు పడిపోయాయి. మళ్ళీ నూనె పెట్టాను.

ఆ సమయానికే జయరావు వచ్చాడు. ఆ రోజు వస్తానని ముందే చెప్పి ఉన్నాడు. నాకు దాక్కోవడానికి తలుపు లేదు. కొంగు బిగించి ఉంది, మోచేతుల దాకా నూనె.

"ఏమ్మా, ముసలమ్మకు ముస్తాబా? ఎంత తోమినా నేనిచ్చే రేటు అదే" అన్నాడు.

"అమ్మేది లేదన్నా."

"మునికృష్ణ అమ్ముతానని రాసినాడే!"

"ఆయన వేలూరులో ఉండారు. బండి ఈడ ఉండాది."

"ఆడోళ్ళతో బేరమేంది? మీ అత్తను పిలువు."

"అత్త గుడికి పోయింది. బండి తాళాలు నా కొంగున ఉండాయి."

ఆయన పెద్దగా నవ్వాడు. "పండగ దాటినాక నువ్వే నా కోసం మనిషిని పంపిస్తావులే."

"అప్పుడు పంపిస్తే అప్పుడు రాన్నా. ఇప్పుడు ఎండకు అడ్డం నిలబడొద్దు, జిగురు మళ్ళా గట్టిపడతాది."

ఆయన పక్కకు జరిగాడు. కాసేపు చూశాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగాక బంపరు మీద కూర్చుండిపోయాను.

ఇంతవరకు ఇది ఏ రోజు జరిగిందో రాయలేదు. కావాలనే రాయలేదు. అది శుక్రవారం. మీ ఆపరేషన్ రోజు. మిమ్మల్ని లోపలికి తీసుకుపోయే వేళకు నేను మీరు వద్దన్న పనే చేస్తున్నాను.

మిగతా రోజుల్లో అత్త ఇల్లు కదల్లేదు. ఆ రోజు మీ పేరున అర్చన చేయించడానికి అమ్మవారి గుడికి వెళ్ళింది. మర్నాడు శనివారం. నాకు ఉన్నది ఆ పూట ఒక్కటే. రుద్దుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆయనకు ఏదైనా అయితే? అయి ఉంటే అత్త అనే మాటలు నేను పడేదాన్ని. నన్ను నేను అనుకునే మాటలు మాత్రం పడలేకపోయేదాన్ని. అయినా చెయ్యి ఆపలేదు. సగం తీసి ఆపితే మీకు బండీ ఉండదు, స్వామికి మర్యాదా ఉండదు.

కుంకుడు రసం వడకట్టి జిడ్డు కడుగుతుంటే అత్త వచ్చింది. చేతిలో ప్రసాదం.

"నా కొడుకు ఆడ బల్ల మీద పండుకోనుండాడు. నువ్వు ఈడ స్వామిని గీకతా ఉండావా?"

పెళ్ళయినప్పటి నుంచి ఆమెకు ఎదురు చెప్పలేదని మీకు తెలుసు. ఆ రోజు చెప్పాను.

"గీకలేదత్తా. నూనె పెట్టి, కుంకుడుకాయ పోసి తలంటినాను. శుక్రవారం కొండ మీద కూడా అభిషేకమే గదా."

ఆమె నా వైపు చూసి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు, నాతో మాట్లాడలేదు. నేనూ తినలేదు.

శనివారం పొద్దున నేను వాకిలి చల్లుతుంటే అత్త బండి దగ్గర నిలబడి ఉంది. బానెట్టు బాగా ఆరింది. ముందురోజు తడిలో నేను చూడనిది అప్పుడు కనపడింది. బండి రంగంతా ఎండకు బూడిద తిరిగింది కదా. స్టిక్కరు కింద మాత్రం ఎండ తగల్లేదు. అక్కడ రంగు కొన్న రోజు ఉన్నట్టే నల్లగా నిగనిగలాడుతోంది. పైసగం కొంచెం మసక, కింది సగం కాటుక. నామం నామంగానే ఉంది. వేలితో తాకితే జిగురు లేదు, అంచు లేదు, నున్నటి రేకు.

"యాడికీ పోలేదే స్వామి" అంది అత్త. నాతో కాదు, బండితో. తరువాత నాతో అంది. "పరాయి మగోడు నడిపే బండిలో తిరుచానూరికి నువ్వొకదానివే పోతావా? నేనూ వస్తా."

వెనక సీటులో ఇద్దరం కూర్చున్నాం. సౌందరరాజన్ గారు బానెట్టు చుట్టూ తిరిగారు. "రంగు వేయించినావాప్పా?" అన్నారు. బాలసుబ్రమణ్యం అన్న నా వైపు చూశాడు. నేనే దిగి చెప్పాను.

"ఎండ వేసింది సార్. మేము జిగురు మాత్రం తీసినాం."

ఆయన వేలితో రుద్ది, ఆ వేలు చూసుకున్నారు. వాచ్‌మన్‌ను పిలిచి గేటు పక్కనున్న సైకిళ్ళు తీయించారు. ఆ చోటు మనది.

ఆ సాయంత్రమే బాలసుబ్రమణ్యం అన్న కంచి నుంచి వచ్చినవాళ్ళను కొండకు చేర్చి వచ్చాడు. "రెండో మలుపులో స్వామి ఏమన్నా అడిగినాడా నాయనా?" అని అత్త ఆరా తీసింది. "హారను కొట్టుకోని పోరా అన్నాడు పెద్దమ్మా" అన్నాడు.

ఆసుపత్రికి కట్టాల్సింది మా నాయన శనక్కాయల పంట అమ్మిన డబ్బుతో కడుతున్నాడు. బండి బాడుగతో ఆయనకు తీర్చేద్దాం. నేను మాట ఇచ్చేశాను, మీరు కాదనకండి.

మీ మాట తెలిసే దాటాను. కోపం వస్తే నాలుగు మాటలు రాయండి, తల వంచుకుని చదువుకుంటాను. బండి అమ్మే మాట మాత్రం ఇక రాయకండి. డాక్టరు ఇంటికి పొమ్మన్న రోజు తెలియజేయండి. బస్సు ఎక్కవద్దు. కాలు చాపుకోవడానికి ముందు సీటు వెనక్కు జరిపించి, మన బండి తీసుకుని ఆసుపత్రి గేటు దగ్గరకు నేనే వస్తాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
పంకజాక్షి