పాత భాషలో ఇక ఒక్క లైనూ రాయను

1వ తేదీ, సోమవారం. ఉదయం 9:10
ఇవాళ్టి నుంచి కొత్త జీవితం! మా మందుల గోదాములో పదకొండేళ్లుగా సగం పనులు నడిపిస్తున్నవి నేను రాసిన చిన్న చిన్న స్క్రిప్టులే, అంటే కంప్యూటర్‌తో పని చేయించే ఆదేశాలు. అవి రాసిన కంప్యూటర్ భాషకు కాలం చెల్లిందట. 22న వచ్చే అప్‌డేట్‌తో ఆఫీసు కంప్యూటర్లన్నిటిలోంచి దాన్ని తీసేస్తారు. ఆ తర్వాత అందులో రాసినవేవీ నడవవు.

ప్రతిజ్ఞ:
- రోజుకు రెండు స్క్రిప్టులు కొత్త భాషలోకి మార్చాలి.
- పాత భాషలో ఒక్క కొత్త లైనూ రాయకూడదు.

మొత్తం 37. ఎడంచేత్తో చేసేస్తా!

సరుకు బయటికి పంపే డిస్పాచ్ విభాగంలోని అక్కకు మాట కూడా ఇచ్చాను. ఈ నెలాఖరుకు వాళ్లమ్మాయికి పురుడు. డబ్బాల మీద లేబుళ్లు ప్రింటు చేసే బటన్ (అదీ నా స్క్రిప్టే) మొండికేస్తే బుజ్జగించడం అక్కకొక్కదానికే తెలుసు. అందుకే ఇన్నేళ్లలో వరసగా మూడు రోజులు సెలవు పెట్టలేదు. "ఎవరు నొక్కినా పనిచేసేలా చేస్తానక్కా, 23న మీరు బస్సెక్కండి" అన్నాను.
"నీ నోట్లో పంచదార పొయ్యా" అంది.

2వ తేదీ
స్క్రిప్టులు ఏ మూలన ఉన్నాయో వెతకాలి. చేత్తో అయితే వారం. వెతకడానికి ఓ చిన్న స్క్రిప్టు రాశాను. పాత భాషలోనే. ఆరే లైన్లు! లెక్కలోకి రాదు.
ఫలితం: 37 కాదు, 52.

5వ తేదీ, శుక్రవారం
మార్చినవి: 1. (తేదీ చూపించేది. ఎవరూ వాడరు.)
ఇంకా ఎన్ని మిగిలాయో రోజూ పొద్దున్నే చెప్పే స్క్రిప్టు ఒకటి రాశాను. ఏ భాషలోనో అనవసరం.

9వ తేదీ. 11:20
అక్క వచ్చి నిలబడింది. లేబుల్ మీద డబ్బా నంబరు రావడం లేదట. కొత్త భాషలో రెండు రోజులు, పాతదానిలో రెండు నిమిషాలు. ఒట్టు తీసి గట్టున పెట్టాను.
నిజం రాసుకోవాలి. పాతదానిలో చెయ్యి పెడితే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. కొత్తదానిలో నేను ఒకటో తరగతి. భయం.

12వ తేదీ
'పాత భాషలో రాయకు!' అని గంటకోసారి తెర మీద హెచ్చరించే స్క్రిప్టు పెట్టుకున్నాను. సంబరంగా మా ఆవిడకు చెప్పాను.
"అది ఏ భాషలో రాశారు?"
నేను కూర వడ్డించుకున్నాను.
"దొంగ చేతికి తాళాలిచ్చారన్నమాట" అంది.

16వ తేదీ
జలుబు. మిగిలినవి: 53. (లెక్క చెప్పేదీ, హెచ్చరించేదీ కలిపి.)

19వ తేదీ, శుక్రవారం
మెరుపులాంటి ఆలోచన! నేను లేకపోయినా శని, ఆదివారాల్లో వాటంతటవే కొత్త భాషలోకి మారిపోయేలా ఓ స్క్రిప్టు రాసి వదిలాను. ఇదే ఆఖరుది. ఒట్టు.

22వ తేదీ, సోమవారం
9:00. అప్‌డేట్ వచ్చింది. లెక్క చెప్పే చోట అంతా ఖాళీ. అంటే సున్నా! హెచ్చరిక కూడా రాలేదు, ఇక అవసరమేముంది? మేనేజరు గారి దగ్గరికి పరిగెత్తి "అన్నీ మారిపోయాయి సార్!" అన్నాను. చెయ్యి కలిపారు.

9:40. అక్క ఫోను. "తమ్ముడూ, బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు."
అప్పుడు వెలిగింది. లెక్క చెప్పేది, హెచ్చరించేది, మార్చేది, మూడూ పాత భాషవే. ఆ భాషతోపాటే పోయాయి. శనివారం మారినవి కూడా తెరిచి చూశాను. ఒక్కటీ నడవడం లేదు.

11:00. అక్క చేత్తో లేబుళ్లు రాస్తోంది. తల కూడా ఎత్తకుండా "రేపటి టికెట్టు రద్దు చేసుకోనా?" అని అడిగింది. తిట్టినా బాగుండేది.
"వద్దక్కా. మీరు వెళ్ళండి. మీరొచ్చేదాకా నేను రాస్తా."
సొరుగులోంచి ఓ లావుపాటి నోట్‌బుక్ తీసి ఇచ్చింది. ఏ బటన్ ఏం చేస్తుందో, ఆగిపోతే ఏం చేయాలో పదకొండేళ్ల రాత. "నువ్వెప్పుడూ రాసిపెట్టలేదుగా, నేనే రాసుకున్నా" అంది.

26వ తేదీ, శుక్రవారం. 2:15
నాలుగో రోజు. వేళ్లు వాచాయి. అక్క ఫోను.
"మనవరాలు పుట్టింది తమ్ముడూ! ఇద్దరూ క్షేమం. ఇవాళ ఎన్ని రాశావు?"
"నూట పన్నెండు."
"చెయ్యి నొప్పిగా ఉందా?"
"చాలా."
"మంచిది. ఇంక త్వరగా మారుస్తావు."

29వ తేదీ, సోమవారం. ఉదయం 9:10
ఇవాళ్టి నుంచి కొత్త జీవితం! రోజుకు ఒక్కటే. అక్క నోట్‌బుక్ మొదటి పేజీ, లేబుల్ బటన్‌తో మొదలు. అక్క తిరిగి వచ్చేలోపు అది పనిచేయాలి. ఈసారి హెచ్చరికలు తెర మీద కాదు. ప్రతిజ్ఞను పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి గోడకు అంటించాను.

ఆ ప్రింటు తీసింది మాత్రం ఇంట్లో, ఆ అప్‌డేట్ రాని పాత కంప్యూటర్‌లో, చిన్న స్క్రిప్టుతో. నాలుగే లైన్లు. లెక్కలోకి రాదు.