తలుపులు మూసి చెప్పండి

మార్చి 4, సోమవారం

బడ్జెట్ నా చేతికొచ్చింది! ఈ ఏడాది కంపెనీలో ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నా, ఏ మెషీన్ తేవాలన్నా నేను ఊఁ అనాలి. పెద్దమేడమ్ అందరి ముందూ చెప్పారు. ఒక్కొక్కరి మొహం చూడాలి అప్పుడు! సేల్స్ చూసుకునే అల్లుడుగారు, అంటే మేడమ్ గారి సొంత అల్లుడు, కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఒక మెలిక కూడా పెట్టారు. మనం ఇక కొత్త లిఫ్టులు అమ్మం, పాతవాటిని చూసుకోవడమే మన పని అని నిరుడే తేల్చుకున్నాం కదా, మరి మన కొనుగోళ్లకీ ఆ మాటకీ పొంతన ఎందుకు లేదు అని అడిగారు. నిజమే. ఎవరికి తోచింది వాళ్లు కొనిపడేశారు. నెలాఖరు బోర్డు మీటింగ్‌కి నేను సరైన ప్లాన్ తేకపోతే మా ఐటీ డిపార్ట్‌మెంట్ ఎత్తేసి పనంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తారట. ఈ సలహా ఎవరిదో చెప్పక్కర్లేదు. నా దగ్గర ఎనిమిదిమంది పనిచేస్తున్నారు. వాళ్లకి ఇంకా చెప్పలేదు.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్తే, జీతం పెంచారా అన్నారు. లేదన్నాను. మరి ఈ సంబరం దేనికే అన్నారు.

మార్చి 6, బుధవారం

పొద్దున్నించీ అర్జీలే. హెచ్చార్‌కి మొహం చూసి హాజరు వేసే మెషీన్ కావాలట. అకౌంట్స్ పెద్దాయనకి ఇంకో కొత్త ప్యాకేజీ. అల్లుడుగారికి త్రీడీ షోరూమ్: కస్టమర్ కళ్లకి అదేదో డబ్బా తగిలించుకుంటే కొత్త లిఫ్ట్ ఎదురుగా ఉన్నట్టే కనిపిస్తుందట. అందరి స్లయిడ్లలోనూ ‘స్ట్రాటజిక్’ అనే మాట ఉప్పు చల్లినట్టు చల్లి ఉంది. తల వాచిపోయింది.

మార్చి 7, గురువారం, ఉదయం 7

స్నానం చేస్తుంటే ఐడియా తట్టింది. నా బుర్రే బుర్ర.

వర్క్‌షాపు వెనక షెడ్డులో మెకానిక్‌లకి ట్రైనింగ్ ఇచ్చే పాత లిఫ్ట్ ఒకటుంది. ఇకమీదట ఏం కావాలన్నా అందులోకి రావాలి. తలుపులు మూస్తాం, లైటు తీసేస్తాం. ఇప్పుడు నువ్వు లిఫ్టులో ఇరుక్కుపోయిన మనిషివి. నువ్వు కొనమంటున్నది నీకెలా పనికొస్తుందో చెప్పు. స్లయిడ్లు గిడ్లు బయటే.

మార్చి 11, సోమవారం

ఆహా, ఏం రోజు! హెచ్చార్ ఆవిడ లోపలికొచ్చి, తలుపు పడగానే, నాకేం వద్దు తల్లీ ముందు తలుపు తీయండి అంది. అకౌంట్స్ పెద్దాయన చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి తన అర్జీ తానే చించేశారు. వర్క్‌షాపు సూపర్‌వైజర్ మాత్రం, ఏ మెకానిక్ ఏ వీధిలో ఉన్నాడో తెలిస్తే దగ్గరున్నవాణ్ణి పంపుతాను, లోపలున్నవాళ్లు త్వరగా బయటపడతారు అన్నాడు. పాస్!

అల్లుడుగారు అందులో కూడా అనర్గళంగా మాట్లాడాడు. అంతా విని, చీకట్లో ఇరుక్కున్నవాడికి మీ షోరూమ్ ఏం చేస్తుందండీ అని అడిగాను. ఈసారి మంచి లిఫ్ట్ కొనుక్కోవాలనిపిస్తుంది అన్నాడు. మనం అమ్మట్లేదు కదా అన్నాను. అతను తీరిగ్గా, మరి మీ యాప్ ఇందులో ఎప్పుడు చూపిస్తారు మేడమ్ అని అడిగాడు.

బోర్డులోనే చూపిస్తాను అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ యాప్ రెండేళ్ల మా కష్టం. లిఫ్టులో ఇరుక్కుంటే ఫోన్‌లో ఎర్ర బటన్ నొక్కడమే, కబురు మాకు చేరిపోతుంది. మా డిపార్ట్‌మెంట్ చూపించుకోగలిగింది అదొక్కటే.

మార్చి 12, మంగళవారం

సిగ్నల్ లేదు.

మార్చి 13, బుధవారం

నిన్న రాయబుద్ధి కాలేదు. యాప్ రాసిన పిల్లని మేమంతా మిరపకాయ అంటాం. దాన్ని తీసుకుని షెడ్డుకి వెళ్లాను. తలుపు మూశాం, ఎర్ర బటన్ నొక్కాం. తెరమీద చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంది. నాలుగు వైపులా ఇనుమే కదా, సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇన్నాళ్లూ మా ఆఫీసు లిఫ్టులో చూసుకుని మురిసిపోయాం. ఆ లిఫ్టులో మేమే వైఫై పెట్టుకున్నాం! లిఫ్టుల కంపెనీలో పనిచేస్తూ, వేరే లిఫ్టెక్కి ఒక్కసారి చూడాలని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టలేదు. చెంపలు వాయించుకోవాలి.

మిరపకాయ, కొన్ని బిల్డింగుల్లో సిగ్నల్ వస్తుంది మేడమ్, బోర్డుకి అలాంటిచోట చూపిద్దాం, ఎవరికి తెలుస్తుంది అంది. తిట్టాలి. తిట్టలేదు. ఆలోచిస్తున్నాను.

మార్చి 15, శుక్రవారం

ఇంకా ఆలోచిస్తున్నాను. సిగ్గుచేటు.

మార్చి 18, సోమవారం

మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్లి ఆ లిఫ్టులో నిలబడ్డాను. తలుపు మూసుకున్నాను. కాసేపటికి, ఎవరున్నారక్కడ అని అరిచాను. అందరూ భోజనాలకి వెళ్లారు. ఉత్త షెడ్డని తెలుసు, తలుపు నేనే తీసుకోగలనని తెలుసు, అయినా భయమేసింది. ఆ క్షణాన నాకు యాప్ గుర్తే రాలేదు. ఒక మనిషి గొంతు వినిపిస్తే చాలనిపించింది.

గోడకి బిగించిన తీగ ఫోను. ఒకే బటన్. అవతల మా ఆఫీసులో ఒక మనిషి. మెకానిక్ ఎక్కడున్నాడో చూపించే మ్యాపు ఆ మనిషి ముందు ఉండాలి. ఆ మ్యాపు మావాళ్లే చేయగలరు, యాప్ కోసం సగం చేసే ఉంచారు.

సాయంత్రం ఎనిమిదిమందినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను, డిపార్ట్‌మెంట్ ఎత్తేస్తారేమో అన్నది కూడా. యాప్ ఆపేస్తున్నాం అన్నాను. మిరపకాయ ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, తీగ ఏ సైజుది కావాలి మేడమ్ అంది. ఈ పిల్లల్ని ఎవరికో అప్పజెప్తారట! నేనుండగానా?

మార్చి 28, గురువారం

బోర్డు మొత్తాన్నీ ఆ లిఫ్టులో కుక్కాను. తలుపు మూయించి, ముందు మా యాప్ తెరిచి చూపించాను. తిరిగింది, తిరిగింది, చచ్చింది. ఇది మా రెండేళ్ల పని, ఈ పరీక్షలో ఫెయిలయింది, అందుకని మేమే ఆపేశాం అన్నాను. అల్లుడుగారు అందుకున్నాడు: అందుకే కదా బయటివాళ్లకి ఇద్దామన్నాను అని. నేను ఆగలేదు. ఈ కంపెనీలో తన సొంత వస్తువుని తానే ఫెయిల్ చేసుకున్న డిపార్ట్‌మెంట్ ఇంకొకటి చూపించండి, నేనే తాళాలిచ్చి వెళ్లిపోతాను అన్నాను.

తర్వాత గోడమీద బటన్ నొక్కాను. ఆఫీసు నుంచి మిరపకాయ పలికింది. ఈ కాలంలో తీగలేంటండీ అని అల్లుడుగారు గొణిగాడు. కరెంటు పోతే అని పెద్దమేడమ్ అడిగారు. బ్యాటరీ ఉందన్నాను. ఆవిడ మా అందర్నీ బయటికి పంపి, తలుపు మూసుకుని ఒక్కరే లోపల ఉండిపోయారు. మాటలు లీలగా వినిపించాయి, ఏంటో తెలియలేదు. మిరపకాయని ఎంత అడిగినా చెప్పట్లేదు.

బయటికొచ్చి, మనం చూసే ప్రతి పాత లిఫ్టులోనూ పెట్టండి, నడపాల్సింది మీవాళ్లే అన్నారు. ఇంకో మాట: వచ్చే ఏడాది నుంచి తన సొంత ప్రతిపాదనలు కూడా ఆ లిఫ్టులోనే చెప్తారట.

గర్వంగా ఉంది. దాచుకోవడం దేనికి? చాలా గర్వంగా ఉంది.

ఏప్రిల్ 2, మంగళవారం

అల్లుడుగారు షెడ్డు తాళం అడిగాడు. ఏదో కొత్త ఆలోచన ఉందట, ముందు తనే ఒక్కసారి లోపల నిలబడి చూసుకుంటాడట. ఇచ్చాను.

సెప్టెంబర్ 14, శనివారం

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఆగిపోయింది. లోపల నేనూ, అత్తగారూ, గోడమీద మేం పెట్టిన ఫోనూ. బటన్ నొక్కాను. ఎవరో కొత్తమ్మాయి. భయపడకండమ్మా, మనిషి బయల్దేరాడు, వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను అంది. ఇదిగో అమ్మాయ్, ఇక్కడున్నదెవరనుకున్నావు అని అత్తగారు అందుకోబోతే చెయ్యి గట్టిగా నొక్కాను. లోపల ఎవరెవరున్నారమ్మా అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది.

అత్తాకోడళ్లం అన్నాను.