అల్లుడుగారి ఉలులు

మార్చి 4

మా అత్తామామల పడగ్గది తలుపు కింద అడ్డుగా దోపిన ఇనప ముక్క కాలికి తగిలింది. ఒళ్ళు మండి పీకేశాను. చూస్తే వడ్రంగి ఉలి! పిడి ఏనాడో ఊడిపోయింది, ఒంటినిండా తుప్పు.

అల్లుడుగారు ఇనప సామాను కూడా ఏరుతున్నారా అని మామగారు ఆరా తీశారు.

ఈ 'గారు' సంగతి రాసుకోవాలి. మా ఫ్లాట్ రిపేరని రెండు నెలలు ఉందామని ఇక్కడికి వచ్చాం, ఇది ఎనిమిదో నెల. అల్లుడుగారు లేచారా, అల్లుడుగారు తిన్నారా. ఆ గారులో మర్యాద చెంచాడు, వెటకారం గరిటెడు. మా తోడల్లుడు ఒకసారి నీళ్ళ మోటారు బాగుచేశాడు, ఆరోజు నుంచీ అతను 'ఒరే' అయిపోయాడు. నాకూ ఒక 'రా' కావాలి. సిగ్గులేకుండా రాస్తున్నాను, నా డైరీ నా ఇష్టం.

మార్చి 5

ఇంకో రెండు దొరికాయి. ఒకటి వంటింటి కిటికీకి ఆపు, ఒకటి బాత్రూం కుళాయికి పిడి. ఇల్లు కట్టిన వడ్రంగి మర్చిపోయి వెళ్ళినవట. రెండూ లాగేశాను. కిటికీ దబేల్మని పడింది. కుళాయి ఆగడం లేదు.

బాగుచెయ్యడానికి వచ్చావా, కూలగొట్టడానికి వచ్చావా అని మా ఆవిడ అడిగింది.

మార్చి 8

వెనిగర్‌లో నానబెట్టాను, సీసా మొత్తం. తుప్పు వదిలింది. నానబెట్టిన అత్తగారి గిన్నె కూడా నల్లబడి పాడైంది. కొత్తది కొనిచ్చాను.

మార్చి 11

సానరాయి మీద నూరీ నూరీ భుజాలు పడిపోయాయి. పదును చూడాలంటే చేతి మీద వెంట్రుకలు గీకాలని యూట్యూబ్‌లో చెప్పాడు. ఎడం చెయ్యి నున్నగా తయారైంది. ఆఫీసులో మేనేజర్ పక్కకి పిలిచి, స్కిన్ డాక్టర్ నంబర్ ఇచ్చాడు.

మార్చి 15

విరిగిన మంచం కోడు కోసి మొదటి పిడి చేశాను. ఎంత ముద్దుగా వచ్చిందో! ఉలి తోక అందులోకి దించి ఒక్క దెబ్బ వేశాను. నిలువునా రెండు చెక్కలైంది.

అల్లుడుగారు కట్టెలు బాగా కొడతారు అన్నారు మామగారు. వరండాలో కుర్చీ వేసుకుని మరీ చూస్తున్నారు.

మార్చి 16

పిడి మెడకి రింగు వెయ్యలేదు, అదీ నా తెలివి. ఇంకో పిడి చేసి, పాత పైపు ముక్క కోసి దాని మెడకి బిగించాను. కొట్టాను, పగల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాను, పగల్లేదు. సాయంత్రానికి మూడూ తయారు. మెరుస్తున్నాయి వెధవలు. చంటిపిల్లల్లా వరసగా పడుకోబెట్టి చూసుకున్నాను.

సరే, కుళాయి ఎప్పుడు అంది మా ఆవిడ.

మార్చి 19

కుళాయికి ప్లంబర్ వచ్చాడు. నేను పడగ్గది తలుపు పట్టాను.

ఆ తలుపు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పూర్తిగా మూసుకోలేదు. బందుల చోటు కాస్త లోతు చేశాను. గడియ దిగే కన్నం తప్పు చోట ఉంది, ద్వారబంధంలో సరైన చోట కొత్తది తొలిచాను. సెలవు పెట్టి మరీ, దాని అంచు నున్నగా చెక్కాను. ఇప్పుడు గడియ టక్‌మని పడుతోంది. అందరినీ పిలిచి వేసి చూపించాను, తీసి చూపించాను, మళ్ళీ వేశాను.

మామగారు కన్నంలో వేలు పెట్టి తడిమారు. అల్లుడుగారికి పని వచ్చునే అన్నారు. వెటకారం లేదు! 'రా' మాత్రం రాలేదు.

మార్చి 21

ఫ్యాన్ రెండు మీద ఉండాలా, నాలుగు మీద ఉండాలా అని అత్తామామల మధ్య గొడవ. రోజూ ఉండేదే. అత్తగారు విసురుగా గదిలోకి వెళ్ళడం, ఈయన వారగా ఉన్న తలుపు దగ్గర నిలబడి వాదించడం, చివరికి ఆవిడకి నవ్వొచ్చి ఆగడం. ఇన్నేళ్ళూ అంతే.

ఇవాళ ఆవిడ వెళ్ళి తలుపేసుకున్నారు. టక్.

మార్చి 22

మామగారు సోఫాలో పడుకున్నారు. ఆయన కళ్ళజోడు, దుప్పటి, బీపీ మాత్రలు లోపల. అత్తగారు దుప్పటి బయటికి విసిరారు. మాత్రలు మా ఆవిడ చేతికిచ్చారు.

మార్చి 24

అదే వరస. ఆయన లేనప్పుడు ఆవిడ వచ్చి తిని, మళ్ళీ టక్. మా అమ్మానాన్నలకి పెళ్ళయినప్పటి నుంచీ పోట్లాటలున్నాయి, తలుపొక్కటే తక్కువైంది, అది నువ్వు తెచ్చిపెట్టావు అంది మా ఆవిడ. నాకు భయంగా ఉంది.

మార్చి 25, ఉదయం ఆరు

మామగారు లేపారు. గొంతు బాగా తగ్గించి, ఆ గడియ నిలవకుండా చెయ్యడం అవుతుందా అని అడిగారు. నా జన్మలో సవ్యంగా చేసిన పని అదొక్కటే అన్నాను. తెలుసు అన్నారు. ఆవిడ సణుగుడు వినకపోతే నిద్ర పట్టడం లేదు అన్నారు.

ఏడున్నర

అత్తగారు స్నానానికి వెళ్ళారు. కన్నం అంచు ఎగరగొడితే చాలు, ఇక గడియని పట్టేది ఉండదు. ఉలి ఆనించాను. చెయ్యి రాలేదు. అంత నున్నటి అంచు! బాత్రూంలో నీళ్ళ చప్పుడు ఆగింది. మామగారు తలుపు పట్టుకుని చెమటలు కక్కుతున్నారు.

చూస్తావేం, కొట్టరా అన్నారు.

కొట్టాను.

మార్చి 26

గడియ నిలవడం లేదని అత్తగారు ఇల్లంతా ఏకరువు పెట్టారు. ఫ్యాన్ మూడు మీద తిరుగుతోంది. ముందే చెప్పానుగా, వీడికి ఉలి పట్టుకోవడమే రాదు అని మామగారు అందరి ముందూ గట్టిగా అన్నారు.

వీడికి!