పై వాటాకి ఒక లైను

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. నిన్న పంపిన కూరకి ధన్యవాదాలు. గిన్నె కడిగి, ఈ ఉత్తరంతో పాటు బుట్టలో పెట్టాను. తాడు పైకి లాగగలరు.

విషయం ఇది. మీ చెల్లెలుగారితో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోతున్నట్టుంది. ‘ఏమే, ఉన్నావా?’ అని మీరు అరవడం కింది దాకా వినిపిస్తోంది. నా ముందుగదిలోని వైఫై స్లాబు దాటి మీ వాటాకి రావడం లేదు. మెట్ల పక్కనుంచి వైరు లాగి, మీ గదిలో చిన్న వైఫై పెట్టె పెడదామనుకుంటున్నాను. కాని రూటర్‌కి వైర్లు గుచ్చే పోర్టులు నిండిపోయాయి. అందుకని నెట్‌వర్క్ స్విచ్ అనే డబ్బా ఒకటి కొనాలి. రూటర్ నుంచి దానికి ఒక వైరు వస్తుంది. దాన్నుంచి గదులన్నిటికీ వైర్లు వెళ్తాయి. ఐదు పోర్టులది, ఎనిమిది పోర్టులది దొరుకుతున్నాయి. ఐదు చాలనుకుంటున్నాను. మీ అభిప్రాయం తెలపండి.

ఇది ఎదురుగా చెప్పాలని రెండుసార్లు మెట్ల దాకా వచ్చాను. రెండుసార్లూ మనిద్దరం తలలు ఊపుకుని ఎవరి వాటాకి వాళ్ళం వెళ్ళిపోయాం. మీ అమ్మాయి ఉండగా మన మాటలు తనే కిందికీ పైకీ మోసేది. ఇప్పుడు ఉత్తరమే దిక్కు.

ధన్యవాదాలతో,
మీ అల్లుడు

తా.క. ఫోన్ చేద్దామంటే మీరు ఎత్తరు.

*

కింది వాటా అల్లుడిగారికి పై వాటా అత్తయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని మీ దగ్గు వల్ల తెలుస్తోంది.

ఫోన్ ఎత్తని మాట నిజమే. టెలిఫోన్ ఎక్స్చేంజీలో బోర్డు ముందు కూర్చుని ఉద్యోగమంతా హలో అంటూనే గడిపాను. రిటైరైన రోజున హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, ఇంక ఈ జన్మలో ఆ మాట అననని ఒట్టు పెట్టుకున్నాను. చెల్లెలితో కూడా ‘ఏమే’ అనే మొదలుపెడతాను.

మీ డబ్బా నాకు కొత్తేమీ కాదు. వైర్లన్నీ ఒకచోటికి వచ్చి, ఎవరి మాట ఎవరికి పోవాలో అక్కడ కలపడం నేను చేసిన పనే. ఆ పని చేసేవాళ్ళు వినకుండా ఉండరు. నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను. ఇంతకీ ఆ డబ్బా ఎక్కడుంటుంది? మీ వాటాలోనేగా? నేనూ చెల్లెలూ మాట్లాడుకునేదంతా అందులోంచే పోతుందిగా? అందులో మీ గురించి కూడా కొంత ఉంటుంది మరి.

ఇంకో మాట. కూర పంపితే ధన్యవాదాలేమిటి? ఇది ఇల్లా, కరెంటు ఆఫీసా?

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. చెల్లెలు నోరు తెరిచి ఆగిపోతే నాకేం ఇబ్బంది లేదు. అది మాట్లాడకుండా ఉండగా చూడ్డం నాకు ఇదే మొదలు.

మరో తా.క. ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు నా చెవిలోంచే వెళ్ళాయి. ఎవరికీ చెప్పలేదు. చెల్లెలికి తప్ప.

*

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. స్విచ్ వినదు. ఏ మాట ఏ పోర్టుకి పోవాలో చూసి అక్కడికే పంపుతుంది. అంతే.

అయినా మీకు అనుమానంగా ఉంటే ఒక మార్గం ఉంది. మేనేజ్డ్ అనే రకం కొంటే, ఒకే డబ్బాలో పై వాటాని, కింది వాటాని పూర్తిగా విడదీయవచ్చు. మధ్య గోడ కట్టినట్టే. మీ సంగతి నాకు తెలియదు, నా సంగతి మీకు తెలియదు. మీకు ఇష్టమైతే అదే కొంటాను. నాకేమీ ఇబ్బంది లేదు.

కొన్నిటికి లోపల చిన్న ఫ్యాను ఉంటుంది. ఫ్యాను లేనిది చూస్తాను. ఇంట్లో చప్పుడు అనవసరం.

ధన్యవాదాలతో (అలవాటు),
మీ అల్లుడు

తా.క. మీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. రెండుచోట్ల ఎర్ర గీత కనిపిస్తుంది. ప్రెస్సులో అచ్చు తప్పులు దిద్దే ఉద్యోగం కదా, చెయ్యి ఆగలేదు. మన్నించాలి.

*

అల్లుడిగారికి,

దీవెనలు తరవాత.

గోడా? ఇబ్బంది లేదని కూడా రాశారు. మీకెందుకుంటుంది ఇబ్బంది? భార్యే పోయాక అత్తగారితో ఏం పని, పైదాన్ని పైనే వేరు చేసేస్తే పోతుంది అనుకుని ఉంటారు. చప్పుడు అనవసరమన్నారు. అది ఫ్యాను గురించి కాదని అర్థం చేసుకోలేనంత అమాయకురాల్ని కాదు. నా కేకలు ఇంక వినపడవులెండి. చెల్లెలు ఎప్పటినుంచో తన దగ్గరికి వచ్చి ఉండమంటోంది. ఆదివారం వెళ్ళిపోతున్నాను. పెట్టె మంచం కిందనుంచి తీశాను.

పోయేముందు ఒక్కటి అడుగుతాను. ఐదు కన్నాలు చాలని లెక్క కట్టారుగా. ఆ లెక్కలో మా అమ్మాయి గది ఉందా?

ఫ్లాస్కులో టీ పంపుతున్నాను. అల్లం టీ అంటే మీకు ప్రాణమని అమ్మాయి చెబుతుండేది. ఇంకా వెయ్యమన్నారమ్మా అని వచ్చినప్పుడల్లా ఇంకా వేశాను. ఆదివారం తరవాత ఎవరు పెట్టిస్తారో చూసుకోండి.

ఇట్లు,
పై వాటా మనిషి

తా.క. ఎర్ర గీతలు చూశాను. మీ ఉత్తరంలో నేను ఒక్క తప్పే పట్టాను. ‘గోడ’.

*

అత్తయ్యగారికి,

పెట్టె సర్దకండి. ముందు ఇది చదవండి. ఇంత పొడుగు ఉత్తరం నేనెప్పుడూ రాయలేదు.

గోడ మాట మీ అనుమానం తీర్చడానికి రాశాను. నాకు గోడ వద్దు. చప్పుడు ఫ్యానుదే, మీది కాదు. మీ కేక వినిపించని రోజున నేను పైకి చూస్తూ కూర్చుంటాను.

లెక్కలో గది ఉంది. ఒకటో పోర్టు దానిదే. మీ అమ్మాయి బడిపిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పిన కంప్యూటర్ అక్కడే ఉంది. దాన్ని ఆన్ చెయ్యను. వైరు తియ్యను. రెండోది నా బల్లది. మూడోది మీది. నాలుగోది టీవీది. ఐదోది రూటర్ నుంచి వచ్చే వైరుకి.

ఇంక టీ. నాకు అల్లం పడదు. పెళ్ళైన కొత్తలో ‘అల్లం కాస్త తగ్గించమని అత్తయ్యకి చెప్పు’ అన్నాను. ఆమె పైకి వెళ్ళి వచ్చింది. మర్నాడు అల్లం పెరిగింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ పెరిగింది. మీకు కోపం వచ్చిందనుకుని కొంత కాలం ఊరుకునేవాణ్ణి. మళ్ళీ మండినప్పుడు మళ్ళీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు బయట ఎక్కడ తాగినా టీ వేడినీళ్ళలా ఉంటోంది.

స్విచ్‌కీ మీ అమ్మాయికీ తేడా అక్కడే. స్విచ్ ఇచ్చింది ఇచ్చినట్టు పంపుతుంది. ఆమె మధ్యలో దిద్దేది. దిద్దడం నా ఉద్యోగమనుకున్నాను. ఇంట్లో ఆ పని ఆమె చేసింది. ఇన్నేళ్ళలో మీరూ నేనూ ఒక్క మాట అనుకోకుండా గడిచిందంటే ఆ దిద్దుబాటు వల్లే. అందుకు ఆమెకి ధన్యవాదాలు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఇప్పుడు దిద్దేవాళ్ళు లేరు. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. వెళ్ళకండి.

మీ అల్లుడు

తా.క. మీసం ఉంటే నేను పెద్దమనిషిలా ఉంటానని మీరు అన్నట్టు ఆమె చెప్పింది. అప్పటినుంచి తియ్యలేదు. నిజంగా అన్నారా?

*

అల్లుడిగారికి అత్తయ్య దీవెనలు.

పెట్టె మంచం కిందికి తోసేశాను.

టీ సంగతి చదివాను. సరే. దాని గురించి తరవాత మాట్లాడతాను.

మీసం! పెద్దమనిషి అని నేననలేదు. బూటు పాలిష్ బ్రష్షులా ఉందే, తియ్యమనవే అన్నాను. ఒకసారి కాదు, గుర్తొచ్చినప్పుడల్లా అన్నాను. ‘చెప్పానమ్మా, ఆలోచిస్తున్నారు’ అనేది. ఎన్నేళ్ళు ఆలోచిస్తాడే ఈ మనిషి, ఎంత మొండివాడే అని చెల్లెలి దగ్గర మొత్తుకున్నాను. పాపం మీరేమో నాకోసమే దాన్ని పెంచి పోషిస్తున్నారు! చదువుతుంటే నవ్వు ఆగలేదు. నవ్వీ నవ్వీ కాసేపు ఇంకోలా కూడా అయింది. అది అలా ఉంచండి.

ఎనిమిది కన్నాలదే కొనండి. బోర్డు మీద ఖాళీ లేకపోతే కొత్త లైను వచ్చిననాడు ఎన్ని పాట్లో మీకు తెలియదు. మేనేజ్డ్ వద్దు. ఈ ఇంట్లో మేనేజ్ చెయ్యడానికి నేను బతికే ఉన్నాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. ఇప్పుడు మీసం తీస్తే మొహం ఎలా ఉంటుందో మనకి తెలియదు. తొందరపడకండి. బ్రష్షే నయం కావచ్చు.

*

అత్తయ్యగారికి,

నమస్కారాలు. కొన్నాను. ఎనిమిది పోర్టులు, ఇనప డబ్బా, ఫ్యాను లేదు, మేనేజ్డ్ కాదు. మెట్ల కింద అల్మరాలో బిగించాను. ప్రతి పోర్టు దగ్గరా చిన్న ఆకుపచ్చ లైటు ఉంది. అవతల చివర ఉన్నది పని చేస్తుంటే వెలుగుతుంది. వైర్లు లాగడం పూర్తయింది.

మీ లైను మాత్రం ఇంకా రాలేదు. ఎక్కడో చిక్కుంది. చూస్తున్నాను. అంతవరకు సాయంత్రాలు మీరు కిందికి వచ్చి నా కంప్యూటర్‌లో మీ చెల్లెలుగారితో మాట్లాడవచ్చు. కుర్చీలో దిండు వేశాను.

మీ అల్లుడు

తా.క. మీసం తీశాను. ప్రెస్సులో గేటు దగ్గర కాపలా మనిషి ఎవరు కావాలండీ అని అడిగాడు.

*

అల్లుడిగారికి దీవెనలు.

రోజూ మెట్లు దిగుతున్నాను. మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి, నేను మీ డబ్బాని తిడుతున్నాను. మీ గదిలో చెల్లెలి బొమ్మ ఆగడం లేదు. అదే కష్టంగా ఉంది. మొన్న మీరు నా ముందు టీ కప్పు పెట్టి వెళ్తుంటే ‘ఎవరే ఆ కుర్రాడు?’ అంది. నిన్నయితే నన్ను కుర్చీతో సహా పక్కకి జరిపి మీరిద్దరే కబుర్లు చెప్పుకున్నారు. అల్లుడిగారికి ఇన్ని మాటలు వచ్చని నాకు తెలియదు. మా అమ్మాయికి తెలుసునా?

ఇంతకీ నా లైను ఏమైంది? మా ఎక్స్చేంజీలో ఒక లైనుకి ఇంత కాలం పడితే జనం మీద పడి కొట్టేవాళ్ళు. డబ్బాయే చెడ్డది. కొట్టు ఎక్కడో చెప్పండి, రేపు నేనే వెళ్ళి ఆ కొట్టతన్ని దులిపేసి వస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. మీసం లేకపోతే ఫరవాలేదు. ఇన్నేళ్ళూ ఒక మొహాన్ని అనవసరంగా దాచారు.

*

అత్తయ్యగారికి,

కొట్టతన్ని ఏమీ అనకండి. డబ్బాలో లోపం లేదు. మీ వైరు మెట్ల కింద అల్మరాలో, స్విచ్ పక్కనే వేలాడుతోంది. నేనే గుచ్చలేదు.

గుచ్చితే మీరు కిందికి రారని.

మీరు దిగి వచ్చిన మొదటి సాయంత్రం మెట్ల మీద చప్పుడు వినిపించింది. చెప్పులు ఈడ్చుకుంటూ, మధ్యమధ్య ఆగుతూ. ఆ మెట్ల మీద అడుగులు విని చాలా కాలమైంది. ఇంట్లో చప్పుడు అనవసరమని రాశాను. ఆ వాక్యం మీద ఎర్ర గీత పెట్టండి.

మీ మోకాళ్ళకి నా క్షమాపణలు. రేపు పొద్దున్నే గుచ్చుతాను. ఈ సాయంత్రాలకి ధన్యవాదాలు. ఇది కరెంటు ఆఫీసు ధన్యవాదం కాదు.

మీ అల్లుడు

తా.క. అల్లం తగ్గించకండి.

*

నాయనా,

గారూ, మీరూ ఈ పూటతో మానేస్తున్నాను. నోరు నొప్పి పుడుతోంది.

వైరు గుచ్చలేదని నాకు తెలియదనుకున్నావా? మొదటి సాయంత్రం దిగీ దిగగానే అల్మరా తలుపు తీసి చూశాను. బోర్డు ముందు కూర్చుని జుట్టు తెల్లబడ్డదాన్ని. ఒకటో లైటు వెలగడం లేదు. అదెందుకో నాకు తెలుసు. చెయ్యి పెట్టి ఆ వైరు ఒకసారి తడిమాను, అంతే. మూడోదీ వెలగడం లేదు. చూస్తే నా వైరు గాలికి వేలాడుతోంది. గుచ్చడం నాకెంత పని? గుచ్చి పైకి పోవచ్చు. తలుపు మూసేసి, నీ గదికి వచ్చి దిండు మీద కూర్చున్నాను. కొట్టతన్ని దులుపుతానన్నది నీచేత నిజం కక్కించడానికి.

ఇప్పుడు టీ సంగతి. నువ్వు మెట్ల కింద నిలబడి ‘అల్లం తగ్గించమను’ అంటే పైమెట్టు మీద నాకు అక్షరం పొల్లుపోకుండా వినపడేది. ఎక్స్చేంజీ చెవి, ఊరికే ఉంటుందా? కింద గదిలో కూర్చుని అమ్మాయి నీకేం చెప్పేదో మాత్రం అందేది కాదు. లేకపోతే ఆ మీసం ఎప్పుడో పోయేది. అది పైకి వచ్చి, మొహం మామూలుగా పెట్టి, ఇంకా వెయ్యమన్నారమ్మా అనేది. నేను ఇంకా వేసేదాన్ని. నాకు తెలుసని దానికీ తెలుసు.

అల్లం సరిపోతే అది పైకి ఎందుకు వస్తుంది చెప్పు? నీ మాట మోసుకొచ్చిన వంకతో వచ్చి, నా మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. పిల్లల కబుర్లు చెప్పేది. నీ గురించి చెప్పేది. కింద నీ దగ్గు వినపడితే లేచి వెళ్ళేది. నీ నాలుక మండింది, నాకు నా కూతురు దక్కింది. అందుకు నీకు ధన్యవాదాలు. నాచేత కూడా ఆ మాట అనిపించావు.

వైరు గుచ్చకు. మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

మీ అత్తయ్య

తా.క. బుట్ట తాడు విప్పేశాను. ఇంక బుట్ట రాదు. ఈ ఉత్తరం మెట్ల మీదనుంచి జారవిడుస్తున్నాను.

మరో తా.క. చదవడం అయ్యాక తలెత్తి చూడు. పైమెట్టు మీద ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంటాను. ఏమని పిలవాలో ఆలోచించాను. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

హలో.