కాల్చింది మళ్ళీ తినకు

అక్కా, నమస్కారం. బావగారికి కూడా.

ఫోన్ ఎత్తితే ఇద్దరం ఏడవడమే తప్ప మాటల్లేవు, ఉత్తరాలు రాసుకోండని బావగారు అన్నారుగా, అందుకని రాస్తున్నా. కుట్టుమిషన్ బల్లమీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

పెద్ద డాక్టరు నా స్కానింగ్ చూశాడు. "మీ అక్కగారికి మీ లివర్ ముక్క పనికొస్తుంది, రక్తం కలిసింది. కాకపోతే మీ లివర్‌కి కొవ్వు పట్టేసింది. నాలుగు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గి రండి, అప్పుడు కోస్తాం" అన్నాడు. నాకు కొవ్వెక్కిందని నువ్వు చిన్నప్పట్నుంచీ అంటూనే ఉన్నావు. ఇప్పుడు ఆయన సీలు వేసి మరీ ఇచ్చాడు. ఆ రిపోర్టు ఇందులో పెడుతున్నా. అంతా ఇంగ్లీషు. లెక్కల టీచరుగా చేసినదానివి, నువ్వే చదువుకో.

డైటీషియన్ అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. రోజుకు పదహారు వందల క్యాలరీలు తినాలి, గంట నడవాలి. నేను అంతకంటే ఎక్కువే చేస్తున్నా. మా అమ్మాయి కొనిచ్చిన వాచీ ఎన్ని క్యాలరీలు కాల్చానో చెబుతుంది. మొన్న ఒక్కరోజే తొమ్మిది వందలు! కాలిపోయినవి మళ్ళీ నింపకపోతే ఒంట్లో ఏం మిగులుతుంది? అందుకని ఆ తొమ్మిది వందలూ తినేశా. రోజూ ఇదే పద్ధతి. ఒక్క క్యాలరీ అటూ ఇటూ పోనివ్వడం లేదు.

మూడు వారాలయింది. తొంభై రెండు ఉండేవాణ్ణి, తొంభై మూడయ్యాను. త్రాసు పాడైనట్టుంది.

నీ లివర్, అదే, నీ తమ్ముడు

తా.క.: ప్యాంటు నడుము వదులు చేసుకున్నా. దర్జీని కాబట్టి సరిపోయింది గానీ, మామూలు మనిషైతే ఏమైపోయేవాడో!

* * *

ఒరేయ్ బొండాం,

దీవెనలు తర్వాత. ముందు తిట్లు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి కడుపు పట్టుకున్నాను. నవ్వి కాదు, నీళ్ళు చేరి ఉబ్బింది. మొన్ననే సూదితో నాలుగు లీటర్లు తీశారు. చూశావా, నేను ఒక్క పూటలో నాలుగు కిలోలు తగ్గాను, నువ్వు మూడు వారాల్లో కిలో పెరిగావు.

ముప్పై ఏళ్ళు పిల్లలకి కూడికలు తీసివేతలు చెప్పాను. విను. ఆ అమ్మాయి పదహారు వందలని రాసేటప్పుడే నువ్వు నడిచే గంటని అందులో కలిపేసింది. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది చూడు. నువ్వు దాన్ని మళ్ళీ కలుపుకుని తింటున్నావు. ఒకే నడకకి రెండు భోజనాలన్నమాట.

ఇంకో సంగతి. గంట నడిస్తే తొమ్మిది వందలు ఎక్కడ కాలుతాయిరా? ఆ వాచీ ఏ చేతికి పెట్టుకున్నావు? ఇస్త్రీ చేసే చేతికేనా? నువ్వు కుర్చీలో కూర్చుని గుడ్డ జరుపుతుంటే అది అడుగులని లెక్కేస్తోంది.

ఒక్కటే చెబుతున్నా, గోడమీద రాసి పెట్టుకో: కాల్చింది మళ్ళీ తినకు.

కోపంతో, అక్క

తా.క.: త్రాసుని అనకు. ఈ ఇంటా ఆ ఇంటా కలిపి అబద్ధం చెప్పనిది అదొక్కటే.

* * *

అక్కా,

కాళ్ళమీద పడి రాస్తున్నా. పొట్ట అడ్డొచ్చినా సరే.

నువ్వు చెప్పిందే నిజం. వాచీ కుడిచేతికే ఉంది. ఆదివారం కొట్టు మూసేసి పరీక్ష చేశా. కదలకుండా కూర్చుని రెండు దుప్పట్లు ఇస్త్రీ చేస్తే, "శభాష్, మూడు కిలోమీటర్లు నడిచారు" అంది. దాన్ని ఎడమచేతికి మార్చేశా. ఇప్పుడు పొగడడం మానేసింది. నాకూ దానికీ మాటల్లేవు.

నీ మాట గోడమీద రాసి పెట్టుకున్నా. ఆ రోజు నుంచి కాల్చినదేదీ ముట్టుకోలేదు. వీధి మలుపులో నిప్పులమీద మొక్కజొన్న కండెలు కాలుస్తారు, అటు చూడ్డం కూడా మానేశా. పొద్దున రొట్టె కాల్చి పెడితే మీ మరదలిమీద కేకలేశా. అన్నీ ఉడకబెట్టినవీ వేయించినవీ మాత్రమే తింటున్నా. మరీ ముఖ్యంగా వేయించినవి.

అయినా తొంభై మూడున్నర. కాల్చినదాంట్లో అంత కొవ్వు ఉంటుందా అక్కా? నిప్పు తగిలితే కరిగిపోవాలి కదా?

నీ మాట జవదాటని తమ్ముడు

తా.క.: మీ మరదలు ఆ గోడ చదివి నవ్వింది. ఎందుకని అడిగితే, "మీ అక్కగారినే అడగండి" అంది.

* * *

తమ్ముడూ,

నేను కాల్చిందన్నది క్యాలరీలనిరా, కండెల్ని కాదు. ఇంకెప్పుడూ నీకు సామెతలా రాయను.

మొన్న నాకు మళ్ళీ స్కాన్ తీశారు. దాని గురించి రాయడానికేమీ లేదు. నీ రిపోర్టు మాత్రం ఇవాళ మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివాను.

ఇకమీదట వేళాకోళాలొద్దు. నడువు. నడిచినందుకు ఒక్క మెతుకు కూడా ఎక్కువ తినకు. ఏం తిన్నావో, ఎంత నడిచావో, ఎంత తూగావో వారం వారం చీటీ రాసి పంపు. నాకు నీ లివర్ కావాలి. శుభ్రంగా కావాలి. ఈ నాలుగు నెలల్లో కావాలి. దుకాణంలో బేరమాడినట్టు నాతో ఆడకు.

అక్క

తా.క.: ఫోన్ చెయ్యకు. నేను తియ్యను.

* * *

అక్కగారికి,

'గారు' ఎందుకు పెట్టానో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

నువ్వు చెప్పినట్టే చేశా. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర నడిచా. మధ్యలో రోజంతా నిలబడి కత్తెర పని. ఒక్క మెతుకు ఎక్కువ తినలేదు. పదహారు వందల్లోంచి ఇంకో మూడొందలు నేనే తగ్గించుకున్నా, నీకు తొందరగా పనికొస్తానని. అయిదు వారాల్లో ఎనిమిది కిలోలు దిగాను.

శుక్రవారం ఒకాయన కోటు కొలతలు తీసుకుంటున్నా. ఆయన ఛాతీ చుట్టూ టేపు తిప్పి "నలభై రెండు" అన్నాను. అంతే గుర్తుంది. ఆయన్ని పట్టుకునే కిందపడ్డానట. ఇస్త్రీ బల్ల అంచు తగిలి నుదుటిమీద ఆరు కుట్లు పడ్డాయి. కుట్టింది ఎవరో గానీ, వరస తిన్నగా లేదు.

డైటీషియన్ అమ్మాయి వచ్చి తిట్టిన తిట్లు నువ్వు కూడా తిట్టలేవు. "గంట నడవమంటే మూడు గంటలు నడిచి, పైగా తిండి తగ్గించుకుంటారా? కొవ్వుతో పాటు కండ కూడా పోయింది. కాగితంలో ఉన్న గంట కంటే ఎక్కువ చేసిన రోజున, వాచీ చెప్పేదాంట్లో సగం తిరిగి తినండి. మొత్తం తినొద్దు, పూర్తిగా మానెయ్యొద్దు" అంది. ఇలా పడిపోయేవాణ్ణి కొయ్యరట. నెల చూసి చెబుతారట.

నేను పడిపోయానని మీ మరదలు ఫోన్ చేసింది. బావగారు తీశారు. నువ్వు రాలేదు. నీ కేకైనా వినబడలేదు. నేను చీటీల్లో ఎన్ని జోకులు రాసినా నీ దగ్గర్నుంచి జవాబు లేదు.

నాకిప్పుడు అర్థమైంది. నీకు కావలసింది నా లివరే. దాని చుట్టూ ఉన్న మనిషితో నీకు పనిలేదు. పరవాలేదు, ఇస్తాను. కానీ అడిగే పద్ధతి ఒకటుంటుంది.

దాత

తా.క.: ఆ కోటాయన కొలతలు ఇవ్వకుండానే పారిపోయాడు.

* * *

తమ్ముడూ,

అవును. నాకు కావలసింది నీ లివరే.

ఆ అమ్మాయి చెప్పినట్టు సగం తిను. నేను చెప్పింది తప్పు, లెక్కలో తప్పుచేశాను. నుదుటికి మందు రాస్తున్నావా? కుట్లు విప్పేదాకా మిషన్ ముందు వంగకు.

కోపం వస్తే రానీ. కోపంతోనే నడువు. చీటీలు ఆపకు.

అక్క

తా.క.: కోటాయన కొలతలకేం, రోడ్డుమీద వెతికి పట్టుకో. ఎలాగూ నడుస్తున్నావుగా.

* * *

అక్కా!

ఎనభై! సరిగ్గా ఎనభై! ఇంకో పాతిక గ్రాములు తక్కువే, కానీ నేను ఆశపోతుని కాదు.

సగం తినే పద్ధతి పనిచేసింది. ఎక్కువ నడిచిన రోజు కాస్త ఎక్కువ, నడవని రోజు అదే పదహారు వందలు. కళ్ళు తిరగడం లేదు. నిన్న స్కాన్ తీశారు. పెద్ద డాక్టరు తెరమీద చూపించి, "ఇది మీదేనా?" అన్నాడు. "కాదండీ, మా అక్కది. నా దగ్గర దాచుకుంది" అన్నా. నవ్వాడు. తర్వాత ఎందుకో నవ్వు ఆపేసి, "వెళ్ళి అక్కగారితో మాట్లాడండి" అన్నాడు. తేదీ గురించే అయ్యుంటుంది.

మొన్న రాసినదానికి క్షమించు. దాతనని సంతకం పెట్టాను, సిగ్గులేనివాణ్ణి. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే బళ్ళోకి కూడా ఎత్తుకుపోయినదానివి. కడుపులో నీళ్ళతో నువ్వు ఎంత బాధపడుతున్నావో, నేనేమో జోకులకి జవాబు లేదని అలిగాను.

సంచి సర్దేసుకున్నా. మీ మరదలు కూడా వస్తుంది. ఎప్పుడు రమ్మంటావు?

కోతకి సిద్ధంగా, నీ తమ్ముడు

తా.క.: ఉన్న ప్యాంట్లన్నీ చిన్నవి చేసుకున్నా. విప్పిన గుడ్డతో ఇంకో ప్యాంటు అయ్యేలా ఉంది.

* * *

నాన్నా,

కూర్చుని చదువు. కత్తెర పక్కన పెట్టు.

ఆపరేషన్ లేదు. రెండో నెలలోనే లేకుండాపోయింది. రాయడానికేమీ లేదన్నానే, ఆ స్కాన్‌లో నా లివర్‌లో క్యాన్సర్ గడ్డ కనబడింది. రక్తనాళంలోకి పాకేసింది. ఇక ఎవరిది తెచ్చి అతికించినా లాభం లేదన్నారు. నీతో చెప్పొద్దని డాక్టరుని బతిమాలాను. బావగారి చేత ఒట్టు వేయించుకున్నాను.

ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి నీ రిపోర్టు తీశాను. మొదటిసారి నాకు పనికొస్తుందా లేదా అనే చూశాను. రెండోసారి నీ కోసం చదివాను. ఇలాగే సాగితే అయిదారేళ్ళలో నీదీ నాలాగే గట్టిపడిపోతుందని రాసి ఉంది. నేను ఆ పేజీ తిప్పేశానురా మొదట. స్వార్థం.

నడవమని మరదలు పదేళ్ళుగా మొత్తుకుంటోంది. నీ కోసమంటే నువ్వు వీధి చివరిదాకా పోవు. నా కోసమని అబద్ధమాడితే మూడు గంటలు నడిచావు. పడిపోయావని తెలిసిన రోజు బావగారు ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కనే నిలబడ్డాను. నా గొంతు వింటే పసిగడతావు. పసిగడితే మానేస్తావు. అందుకే ఫోన్ అందుకోలేదు. నీ లివరే కావాలని రాసిన రోజు ఆ కాగితం రెండుసార్లు చింపి, మూడోసారి పంపాను.

అప్పుడే నాకు ఆరు నెలలన్నారు. అందులో రెండున్నర నీ చీటీలు చదువుతూ గడిచాయి. అంత బాగా ఇంకెలాగూ గడవవు.

తిట్టాలనుంటే రా, ఎదురుగా కూర్చుని తిట్టు. నువ్వు రావడం మాత్రం నాకు కావాలి. ఇందులో అబద్ధమేమీ లేదు.

అక్క

తా.క.: నడిచి రాకు. బస్సెక్కి రా. నాకు తొందరగా ఉంది.